చిన్న గది, పెద్ద వెలుతురు



ఇంట్లో ఆఫీసు గది అంటే ఒకప్పుడు ప్లీడర్లకూ ఆడిటర్లకూ సంబంధించిన మాట. వీధి వైపు ఒక గది, అందులో పెద్ద బల్ల, గోడ నిండా పుస్తకాలు. 2020 మార్చి నెలాఖరులో దేశమంతటా లాక్‌డౌన్ వచ్చాక ఆ మాట మామూలు అద్దె ఇళ్ళలోకి కూడా వచ్చింది. కంపెనీలు మళ్ళీ తెరిచాక చాలామంది ఆఫీసులకు వెళ్ళిపోయారు. అయినా వారంలో కొన్ని రోజులు ఇంటి నుంచే పని చేసేవాళ్ళు, ఇంట్లో కూర్చుని లెక్కలు రాసేవాళ్ళు, కంప్యూటర్లో పాఠాలు చెప్పేవాళ్ళు ఇప్పటికీ ఎందరో ఉన్నారు. వాళ్ళు రోజుకు ఎనిమిది తొమ్మిది గంటలు గడిపే ఆ గది గురించి ఈ పూట చెప్పుకుందాం.

మా హెబ్బగోడి సంగతే తీసుకోండి. బెంగళూరు నుంచి హోసూరు వెళ్ళే దారిలో, ఎలక్ట్రానిక్ సిటీ దాటాక, బొమ్మసంద్రకు ముందు వచ్చే ఊరు ఇది. 1978లో ఎలక్ట్రానిక్ సిటీ ఏర్పడిన తరువాత ఈ చుట్టుపక్కల పల్లెలు ఒక్కొక్కటే పట్నంలో కలుస్తూ వచ్చాయి. 2025 ఆగస్టులో మెట్రో రైలు ఎల్లో లైను మొదలై హెబ్బగోడికి స్టేషను కూడా వచ్చింది. ఉద్యోగాల కోసం అనంతపురం, చిత్తూరు వైపు నుంచి వచ్చి స్థిరపడిన తెలుగువాళ్ళు ఇక్కడ ఉన్నారు. స్థలానికి గిరాకీ ఎక్కువ. అందుకని ముప్పై అడుగుల వెడల్పు, నలభై అడుగుల పొడవు ఉన్న సైటులో మూడు నాలుగు అంతస్తులు లేస్తాయి. రెండు ఇళ్ళ నడుమ మూడడుగుల సందు ఉంటే గొప్ప. అటువంటి ఇంట్లో పదడుగుల పొడవు, ఎనిమిదడుగుల వెడల్పు గది ఒకటి మిగిలితే దాన్నే మనం ఆఫీసు అంటున్నాం. పగలు పదకొండు గంటలకు కూడా లైటు వెయ్యాలి. సాయంత్రానికి తలనొప్పి. ఇంకొంచెం పెద్ద ఇల్లు చూద్దామనే మాట ఇంట్లో మొదలవుతుంది. పెద్ద ఇల్లంటే పెద్ద అద్దె, దానికి తగ్గ అడ్వాన్సు.

ఇల్లు మారే ముందు ఒక ప్రశ్న వేసుకోండి. ఆ గది నిజంగా చిన్నదా? లేక చీకటిగా ఉండటం వల్ల చిన్నదిగా కనిపిస్తోందా?

మన కన్ను గదిని టేపు పెట్టి కొలవదు. గోడల మీద పడిన వెలుతురును బట్టి దూరాన్ని అంచనా కడుతుంది. మూలలు నల్లగా ఉంటే గోడలు దగ్గరికి వచ్చినట్టు ఉంటుంది. మూలల దాకా తెల్లగా కనిపిస్తే అదే గది విశాలంగా తోస్తుంది. సెలూన్లో ఎదురెదురుగా అద్దాలు పెట్టినప్పుడు పది కుర్చీల షాపులా కనిపించడం అందరికీ తెలిసిందే. అక్కడ స్థలం పెరగలేదు, చూపు వెళ్ళే దూరం పెరిగింది.

పగటి వెలుతురుకు ఒక మోటు లెక్క ఉంది. కిటికీ పై అంచు నేల నుంచి ఎంత ఎత్తులో ఉంటుందో దానికి రెండు రెట్ల దూరం వరకు గదిలోకి పనికివచ్చే వెలుతురు వస్తుంది. మన ఇళ్ళలో ఆ ఎత్తు ఏడడుగులు. అంటే పద్నాలుగు అడుగుల లోపలి దాకా వెలుతురు రావాలి. మన గది పదడుగులే. కిటికీ పరిమాణం కూడా తక్కువేమీ కాదు. జాతీయ భవన నియమావళి వాతావరణాన్ని బట్టి నేల వైశాల్యంలో ఆరో వంతో, ఎనిమిదో వంతో, పదో వంతో కిటికీలు ఉండాలంటుంది. 80 చదరపు అడుగుల గదికి నాలుగడుగుల వెడల్పు, మూడడుగుల ఎత్తు ఉన్న ఒక్క కిటికీ ఆ లెక్కకు దాదాపు సరిపోతుంది. మరి వెలుతురు ఎక్కడ పోతోంది? కొంత ఎదురింటి గోడ దగ్గర ఆగిపోతోంది. మిగతాది మన సామాను మింగేస్తోంది.

ముందుగా ఒక చిన్న పరీక్ష చెయ్యండి. పగలు లైటు ఆర్పి మీ కుర్చీలో కూర్చోండి. అక్కడి నుంచి కిటికీలో ఆకాశం ముక్క, అరచేతి వెడల్పు అయినా, కనిపిస్తోందా? కనిపిస్తే ఆకాశపు వెలుతురు నేరుగా మీ బల్ల మీదికి వస్తోందన్న మాట. కనిపించకపోతే కుర్చీని కిటికీకి దగ్గరగా, ఒక పక్కగా జరుపుతూ చూడండి. ఒక్కొక్కసారి రెండడుగులు జరిగితే చాలు, ఆకాశం కనిపిస్తుంది. అదే మీ బల్లకు చోటు. కింది అంతస్తులో ఉండి, ఎంత జరిగినా ఎదురింటి గోడే కనిపిస్తుంటే ఆ గోడే మీ ఆకాశం అనుకోండి. దాని సంగతి తరువాత చెబుతాను.

బల్లను కిటికీకి పక్కవాటుగా వెయ్యాలి. కిటికీ వీపు వెనక ఉంటే కంప్యూటరు తెర మీద అది మెరుస్తుంది. పైగా వీడియోలో మాట్లాడేటప్పుడు మీ ముఖం నల్లగా కనిపిస్తుంది. కిటికీ సరిగ్గా ఎదురుగా ఉంటే తెర వెనకాల వెలుగు కళ్ళలో పడుతుంది. కుడిచేత్తో రాసేవాళ్ళకు వెలుతురు ఎడమవైపు నుంచి రావాలి. అప్పుడు చేతి నీడ రాసే అక్షరం మీద పడదు. బళ్ళో తరగతి గది బెంచీలు వేసేటప్పుడు మేము పాటించే పద్ధతి ఇదే.

రెండోది సామాను. గదిలో అన్నిటికన్నా తక్కువ వెలుతురు పడే గోడ ఏది? చాలామంది కిటికీకి ఎదుటి గోడ అంటారు. కాదు, కిటికీ ఉన్న గోడే. బయటి వెలుతురు దాని మీద నేరుగా పడదు, మిగతా గోడల మీద పడి తిరిగి రావలసిందే. అందుకని బీరువా, పుస్తకాల అర, అట్టపెట్టెలు ఆ గోడకే, కిటికీకి అడ్డం రాకుండా మూలకు చేర్చండి. ఎదుటి గోడను ఖాళీగా, తెల్లగా ఉంచండి. మన ఇళ్ళలో జరిగేది దీనికి తలకిందులు. వెలుతురు పడే గోడకు బీరువా పెట్టి, మనిషిని చీకటి మూలలో కూర్చోబెడతాం.

మూడోది రంగు. తెల్లటి గోడ తన మీద పడిన వెలుతురులో సుమారు 80 వంతులు తిరిగి పంపుతుంది. ముదురు రంగు గోడ 30 వంతులు పంపితే ఎక్కువ. తేడా అంతేనా అనుకోకండి. వెలుతురు ఒక గోడ మీద పడి, అక్కడి నుంచి ఇంకో గోడ మీద పడి, ఆ తరువాత మన దగ్గరికి వస్తుంది. నూరులో 80, ఆ 80లో మళ్ళీ 80 వంతులు, అంటే 64 మిగిలాయి. ముదురు గోడలతో నూరులో 30, అందులో 30 వంతులు, అంటే తొమ్మిదే. రెండు గెంతులకే ఏడు రెట్ల తేడా. పండక్కి సున్నంలో కాస్త నీలిమందు కలిపి కొట్టే మన పెద్దవాళ్ళకు ఈ లెక్క తెలియకపోయినా ఫలితం తెలుసు. పైకప్పు మాత్రం ఎప్పుడూ తెల్లగానే ఉండాలి. మెరిసే రంగు వద్దు, మెరుపు లేని రంగు వెలుతురును నలువైపులా పరుస్తుంది. ఓనరు రంగు వెయ్యనివ్వకపోతే ఎదుటి గోడకు ఒక తెల్లని నూలు దుప్పటి బిగించి కట్టినా తేడా తెలుస్తుంది.

ఇప్పుడు ఎదురింటి గోడ సంగతి. సందులో ఉన్న ఆ గోడ సిమెంటు బూడిద రంగులో ఉంటే మీ గదిలోకి వచ్చే వెలుతురు కూడా బూడిద రంగే. దానికి తెల్లరంగు వేస్తే గదిలో దీపం పెట్టినట్టుంటుంది. పక్కింటివాళ్ళను అడిగి, ఖర్చు మనం పెట్టుకుంటామంటే కాదనేవాళ్ళు తక్కువ. సందులో వాళ్ళ కిటికీ కూడా ఉంటే మన వైపు గోడ తెల్లబరిస్తే వాళ్ళకూ లాభమే. ఇంతకు ముందు మీరు కిటికీ దోమల మెష్‌ను ఒకసారి విప్పి కడగండి. హోసూరు రోడ్డు దుమ్ము దాని కన్నాల్లో పేరుకుపోయి ఉంటుంది. కిటికీ గూట్లో సీసాలు, కుండీలు ఉంటే తీసేయండి.

దిక్కుల గురించి కూడా ఒక మాట. హెబ్బగోడి భూమధ్యరేఖకు ఉత్తరంగా సుమారు 13 డిగ్రీల దగ్గర ఉంది. బెంగళూరు ప్రాంతంలో ఏప్రిల్ 24 దరిదాపుల్లో, మళ్ళీ ఆగస్టు 18 దరిదాపుల్లో మధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నడినెత్తికి వస్తాడు. నిలువుగా పాతిన కర్రకు నీడ ఉండదు. ఆ రెండు తేదీల నడుమ మధ్యాహ్నపు సూర్యుడు మనకు ఉత్తరంగా ఉంటాడు, తక్కిన కాలమంతా దక్షిణంగా ఉంటాడు. అందుకని ఉత్తరపు కిటికీ ఏడాదిలో ఎక్కువ నెలలు ఎండ లేని నిలకడైన వెలుతురు ఇస్తుంది. చదువుకీ రాతకీ అది చాలా మంచిది. పడమటి కిటికీ అయితే సాయంత్రపు ఎండ బల్ల మీదికి వస్తుంది. దానికి మందపాటి ముదురు కర్టెన్ కట్టి గదిని చీకటి చెయ్యకండి. పాత తెల్ల పంచె ఒకటి కడితే ఎండ ఆగుతుంది, వెలుతురు లోపలికి వస్తుంది.

మన పాత ఇళ్ళు కట్టినవాళ్ళు వెలుతురును పైనుంచి తెచ్చుకున్నారు. కోస్తాలో మండువా లోగిలి, కన్నడ దేశంలో తొట్టి మనె, రాయలసీమ మట్టి మిద్దెకు గవాక్షి, పెంకుటిల్లుకు నడుమ ఒక గాజు పెంకు. మీ గది చివరి అంతస్తులోదైతే, ముఖ్యంగా రేకుల గది అయితే, ఓనరు ఒప్పుకుంటే వెలుతురు దిగే పారదర్శకమైన రేకు ఒకటి వేయించుకోవచ్చు.

నాలుగోది విద్యుద్దీపాలు. కొనేటప్పుడు వాట్లు కాదు, డబ్బా మీద ఉండే లూమెన్లు చూడండి. 20 వాట్ల ఎల్‌ఈడీ ట్యూబు సుమారు 2000 లూమెన్లు ఇస్తుంది. మన 80 చదరపు అడుగుల గదిలో తిరగడానికి అది చాలు, చదవడానికి చాలదు. చదివే, రాసే బల్ల మీద 300 నుంచి 500 లక్సుల వెలుతురు ఉండాలని ప్రమాణాలు చెబుతాయి. దానికి బల్ల మీద విడిగా ఒక దీపం కావాలి. బల్బు దూరం మూడు రెట్లు పెరిగితే వెలుతురు తొమ్మిదో వంతుకు పడిపోతుంది. అందుకే ఆరడుగుల పైన ఉన్న పెద్ద బల్బు కన్నా రెండడుగుల దూరంలో ఉన్న తొమ్మిది వాట్ల బల్బు మేలు. ట్యూబు మీ వీపు వెనక గోడకు ఉంటే మీ తల నీడే బల్ల మీద పడుతుంది, దాన్ని పక్క గోడకు మార్పించండి. రంగు విషయానికొస్తే డబ్బా మీద 6500 అని ఉంటే నీలం జీర ఉన్న తెలుపు, 2700 అని ఉంటే పసుపు, 4000 అని ఉంటే రెంటికీ నడుమ. పనికి 4000 హాయిగా ఉంటుంది. చిన్న గదిలో రెండు రంగుల దీపాలు కలపకండి. ట్యూబూ, బల్ల దీపమూ కలిసి రోజుకు పది గంటలు వెలిగినా నెలకు తొమ్మిది యూనిట్లు దాటవు. పగటి వెలుతురు సరిచేసుకుంటే అందులో సగం మిగులుతుంది.

ఐదోది చూపు. ఇరవై నిమిషాలకు ఒకసారి తెర మీద నుంచి కళ్ళు తిప్పి, ఇరవై అడుగుల దూరంలో ఉన్నదాన్ని ఇరవై సెకన్లు చూడమని కంటి వైద్యులు చెబుతారు. దగ్గరి వస్తువును గంటల తరబడి చూస్తే కంటి లోపలి కండరం బిగుసుకునే ఉంటుంది, దూరం చూస్తే వదులవుతుంది. పదడుగుల గదిలో ఇరవై అడుగులు ఎక్కడివి? తలుపు తెరిస్తే నడవ దాటి వంటింటి కిటికీ దాకా చూపు వెళ్ళేలా కుర్చీ వేసుకోండి. ఒక నిలువుటద్దాన్ని కిటికీకి పక్క గోడకు పెడితే అది వెలుతురునూ, దూరాన్నీ రెంటినీ లోపలికి తెస్తుంది. ఎండ తగిలి కళ్ళలో మెరవని చోట పెట్టుకోవాలి. నేల ఎంత కనిపిస్తే గది అంత పెద్దది. కాబట్టి గోడకు మడిచే బల్ల, కింద ఖాళీ ఉండే కాళ్ళ కుర్చీ, పెట్టెలన్నీ అటక మీద.

మా బళ్ళో చదివే ఒక అమ్మాయి తల్లి ఇంట్లోనే ఒక కంపెనీ లెక్కలు చూస్తుంది. ఆమె బల్ల వంటింటి తలుపు పక్కన, బీరువా నీడలో ఉండేది. హాల్లో కిటికీ పక్కన చోటంతా టీవీది. ఇల్లు మారాలని ఆరు నెలలుగా అనుకుంటున్నారు. ఒక ఆదివారం ఇంటిల్లిపాదీ కలిసి టీవీని లోపలి గోడకు మార్చి, ఆ కిటికీ దగ్గర ఆమె బల్ల వేశారు. మెష్ కడిగారు. ఎదురింటివాళ్ళను అడిగి సందులో గోడకు తెల్లరంగు వేయించారు. ఆ ఇంట్లోనే ఉన్నారు. పగలు లైటు వెయ్యకుండానే అంకెలు కనిపిస్తున్నాయని ఆమె చెప్పింది.

ఈ విషయంలో నేను ముఖ్యంగా చెప్పదలచుకున్నది ఇదే. ఇంట్లో వెలుతురు ఉన్న చోటు ఎవరికి ఇచ్చామో చూసుకోండి. ఎక్కువ ఇళ్ళలో అది టీవీకో, బీరువాకో, ఎప్పుడో వచ్చే చుట్టాల కుర్చీలకో పోతుంది. పని చేసే మనిషికి, అందులోనూ ఇంటి పనీ జీతం పనీ రెండూ చేసే ఆడమనిషికి, మిగిలిన మూల దొరుకుతుంది. సామానుకు కళ్ళు లేవు, చీకట్లో ఉన్నా నష్టం లేదు. రేపు పగలు ఒకసారి లైట్లన్నీ ఆర్పి ఇల్లంతా తిరిగి చూడండి. ఎక్కడ పేపరు సుఖంగా చదవగలరో అక్కడ ఇంట్లో పని చేసేవాళ్ళ కుర్చీ వెయ్యండి. మిగతావి తరువాత సర్దుకోవచ్చు.