మీకు తెలుసా? పుట్టిల్లు ఎముక మూలుగ

మన రక్తంలోని లింఫోసైట్లు అనే తెల్లకణాల్లో సుమారు 5 నుంచి 15 శాతం ‘నేచురల్ కిల్లర్’ కణాలే. 1975లో స్టాక్‌హోమ్‌లోని కరోలిన్‌స్కా ఇన్‌స్టిట్యూట్‌లో రోల్ఫ్ కీస్లింగ్, ఎవా క్లైన్, హాన్స్ విగ్జెల్ వీటి గురించి వివరించారు. ముందు పరిచయం ఏమీ లేకుండానే క్యాన్సర్ కణాన్ని చంపగలవు కాబట్టే ఆ పేరు.

ఇవి ప్రధానంగా ఎముక మూలుగలో పుడతాయి. అక్కడి మూలకణం నుంచి మొదట బి, టి కణాలనే ఇతర లింఫోసైట్లకూ వీటికీ ఉమ్మడిగా ఒక పూర్వకణం వస్తుంది. ఇంటర్‌ల్యూకిన్-15 అనే ప్రొటీన్ సంకేతం అందితేనే అది కిల్లర్ కణంగా మారే దారి పట్టి నిలదొక్కుకుంటుంది. టి కణాల్లా థైమస్ గ్రంథికి వెళ్లాల్సిన పని లేదు. మనుషుల్లో టాన్సిల్స్‌లోనూ, లింఫు గ్రంథుల్లోనూ కొన్ని ఎదుగుతాయి.

అన్నిటికన్నా అబ్బురం వీటి చదువు! కేంద్రకం ఉన్న మన కణాల్లో దాదాపు అన్నిటి మీదా ఎంహెచ్‌సీ-1 అనే గుర్తింపు ప్రొటీన్ ఉంటుంది. దాన్ని ‘మనవాళ్లే’ అని పోల్చుకోగలిగిన కిల్లర్ కణానికే పూర్తి సత్తా వస్తుంది. టి కణాల కంటపడకుండా కొన్ని వైరస్‌లు, క్యాన్సర్ కణాలు ఆ గుర్తును మాయం చేస్తాయి. సరిగ్గా ఆ లోటునే పసిగట్టి ఇవి విరుచుకుపడతాయి.