పాటల తగవులో సైన్స్ వాటా

ఒరేయ్ పిల్లలూ, ఒక బృందానికి ఇద్దరు అభిమానులుంటే చాలు, తగవు పెట్టడానికి మూడోవాడు అక్కర్లేదు. "వాళ్ల పాటల్లో అన్నిటికన్నా గొప్పదేది, అన్నిటికన్నా చెత్తదేది?" అని ఒకడు అన్నాడంటే ఇక తెల్లారిపోవాల్సిందే. మీరేమో కొరియా కుర్రాళ్ల కోసం పోట్లాడుకుంటున్నారు. ఇంగ్లండులో లివర్‌పూల్ నుంచి వచ్చిన నలుగురు కుర్రాళ్ల కోసం ఇలాంటి పోట్లాటే 1960లలో మొదలై ఇంకా నడుస్తోంది. జాన్ లెనన్, పాల్ మెకార్ట్నీ, జార్జ్ హారిసన్, రింగో స్టార్. బీటిల్స్ అంటే వీళ్లే.

"ఎవరిష్టం వాళ్లది కదా తాతయ్యా, ఇందులో సైన్సేముంది?" అంటున్నావు కదూ బుజ్జీ? ఆ ఇష్టం ఎక్కణ్ణుంచి వచ్చిందన్నదే ఇవాళ్టి మన కబురు. అది కొంత ప్లేటులో ఉంటుంది, కొంత చెవిలో ఉంటుంది, కొంత పక్కవాడి నోట్లో ఉంటుంది. ఈ మూడింటినీ విడివిడిగా పరీక్షించి చూసినవాళ్లున్నారు.

ముందు ప్లేటు సంగతి. సింగిల్ అంటే 7 అంగుళాల చిన్న రికార్డు. నిమిషానికి 45 చుట్లు తిరుగుతుంది. అమెరికాలో ఆర్‌సీఏ కంపెనీ 1949లో దీన్ని బజారులోకి తెచ్చింది. అటొక పాట, ఇటొక పాట. కంపెనీవాళ్లు నమ్ముకున్న పాట ఏ-సైడు, దానికి తోడు వచ్చేది బి-సైడు. 1962 అక్టోబర్‌లో వచ్చిన 'లవ్ మి డూ' మొదలు 1970 మార్చిలో వచ్చిన 'లెట్ ఇట్ బి' దాకా బీటిల్స్ బ్రిటన్‌లో 22 సింగిల్స్ విడుదల చేశారు. తగవంతా వీటి చుట్టూనే. బి-సైడ్లనీ కలపాల్సిందేనని పట్టుబట్టేవాళ్లూ ఉన్నారు. వాళ్ల పక్షాన మనం కూడా ఒక మాట చెప్పొచ్చు. 1968 జనవరిలో హారిసన్ బొంబాయి వచ్చి, హెచ్ఎంవీ స్టూడియోలో మన వాద్యకారులతో వాయిద్యభాగం రికార్డు చేసుకున్న 'ది ఇన్నర్ లైట్', 'లేడీ మడోనా' సింగిల్‌కి బి-సైడుగానే వచ్చింది.

ఇప్పుడొక చిక్కు ప్రశ్న. ప్లేటుకి ఒక వైపున ఎన్ని గాళ్లుంటాయి? వందా? రెండు వందలా? ఒకటే. అంచు దగ్గర మొదలై, చుట్టూ తిరుగుతూ తిరుగుతూ లోపలికి వచ్చే ఒకే ఒక్క గాడి. మూడు నిమిషాల పాటకి అది 135 చుట్లు చుట్టాలి. 1968లో వచ్చిన 'హే జూడ్' నిడివి ఏడు నిమిషాల పైచిలుకు. లెక్క కట్టండి, 315 చుట్లు దాటిపోతుంది. ప్లేటు మాత్రం అదే ఏడంగుళాలు. కాబట్టి చుట్లు దగ్గరదగ్గరగా రావాలి. ధ్వని ఎంత పెద్దదైతే గాడి అటూ ఇటూ అంత ఎక్కువగా ఊగుతుంది. పక్క చుట్టు మరీ దగ్గరగా ఉంటే ఊగడానికి చోటుండదు. అందుకే సింగిల్ మీద పాట పొడుగు పెరిగేకొద్దీ దాని గొంతు తగ్గించాల్సి వచ్చేది. ఆ రోజుల్లో పాటలన్నీ మూడు నిమిషాల దగ్గర ఆగిపోవడానికి రేడియోవాళ్ల అలవాటు ఎంత కారణమో, ఈ జాగా లెక్క కూడా అంతే కారణం. 'హే జూడ్'లో చివరి నాలుగు నిమిషాలూ ఒకటే వరస తిరుగుతూ ఉంటుంది. అదే దాని అందమని సగం మంది, అదే దాని జబ్బని మిగతా సగం మంది. బ్రిటన్‌లోనూ అమెరికాలోనూ అది మొదటి స్థానానికి ఎక్కి కూర్చుంది.

ప్లేటు వెనక జరిగిన వింత ఇంకోటి చెబుతాను. 'స్ట్రాబెర్రీ ఫీల్డ్స్ ఫరెవర్' అని లెనన్ పాట. దాన్ని రెండు రకాలుగా రికార్డు చేశారు. మొదటిది నెమ్మదిగా, మెత్తగా ఉంటుంది. రెండోది ట్రంపెట్లు, చెల్లోలతో జోరుగా ఉంటుంది, శ్రుతి కూడా ఎక్కువ. లెనన్‌కి మొదటిదాని ఆరంభమూ నచ్చింది, రెండోదాని చివరా నచ్చింది. రెండూ అతికించేయండి అన్నాడు. వేగాలు వేరు, శ్రుతులు వేరు. నిర్మాత జార్జ్ మార్టిన్, రికార్డింగ్ ఇంజనీర్ జెఫ్ ఎమెరిక్ తలలు పట్టుకున్నారు. అయితే టేపుకి ఒక గుణం ఉంది. దాన్ని నెమ్మదిగా నడిపితే తాళం నెమ్మదిస్తుంది, దాంతోబాటు శ్రుతీ దిగుతుంది. ఒకటి మార్చి ఇంకోటి మార్చకుండా ఉండటం అప్పట్లో కుదరదు. హార్మోనియం మీద ఒక మెట్టు, అంటే ఒక స్వరస్థానం దిగాలంటే వేగం 5.6 శాతం తగ్గాలి. వాళ్ల అదృష్టం చూడండి: జోరుగా ఉన్నదే హెచ్చు శ్రుతిలో ఉంది. దాన్ని నెమ్మదిగా నడిపేసరికి తాళమూ దిగింది, శ్రుతీ దిగింది, రెండు ముక్కలూ కలిసిపోయాయి. జోరుగా ఉన్నది తక్కువ శ్రుతిలో ఉండి ఉంటేనా, ఒకటి సరిచెయ్యబోతే ఇంకోటి మరింత చెడేది. 1966 డిసెంబర్‌లో వేసిన ఆ అతుకు పాట మొదలైన నిమిషానికి వస్తుంది. అక్కణ్ణుంచి లెనన్ గొంతు కాస్త బరువెక్కి, మత్తుగా వినిపించేది అందుకే.

ఆ పాట 1967 ఫిబ్రవరిలో 'పెన్నీ లేన్'తో కలిసి ఒకే సింగిల్‌గా వచ్చింది. రెండూ ఏ-సైడ్లే అన్నారు. గొప్ప సింగిల్ ఏదంటే ఇప్పటికీ ఎంతోమంది వేలు పెట్టి చూపించేది దీన్నే. కానీ బ్రిటన్ చార్టులో అది రెండో స్థానంలోనే ఆగిపోయింది. ఎంగెల్బర్ట్ హంపర్‌డింక్ పాడిన 'రిలీజ్ మి' దాన్ని పైకెక్కనివ్వలేదు. అమ్మకాల లెక్క ఒకటి చెప్పింది, అభిమానుల లెక్క ఇంకోటి చెబుతోంది. మరి ప్లేటులో ఉన్నది ఒకటే కదా? తేడా ఎక్కడుంది? ఇప్పుడు చెవి దగ్గరికి రావాలి.

'హే జూడ్' వచ్చిన 1968లోనే అమెరికాలో రాబర్ట్ జయాన్స్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త ఒక పేపరు ప్రచురించాడు. అర్థంలేని మాటలు, చైనా లిపిలా కనబడే గీతలు, ముక్కూమొహం తెలియనివాళ్ల ఫొటోలు జనానికి చూపించాడు. కొన్ని ఒకసారి, కొన్ని రెండుసార్లు, కొన్ని పాతికసార్లు. తర్వాత ఏవి బాగున్నాయని అడిగితే, ఎక్కువసార్లు చూసినవే బాగున్నాయన్నారు. వాటిలో గొప్పేమీ లేదు, పదేపదే కంటబడటమే వాటి గొప్ప. పాటకీ అంతే. మొదటిసారి వింటే పచ్చిగా ఉంటుంది, వినగా వినగా ఆవకాయ ఊరినట్టు ఊరుతుంది.

అలాగని వింటూనే ఉంటే ఇష్టం పెరుగుతూనే పోదు. టొరంటోలో డేనియల్ బెర్లైన్ అనే ఆయన 1970ల నాటికే దీనికొక సిద్ధాంతం కట్టాడు. ఇష్టం ముందు పెరుగుతుంది, ఒక శిఖరం చేరుతుంది, తర్వాత మొహం మొత్తుతుంది. సరళమైన పాట శిఖరానికి త్వరగా ఎక్కి త్వరగా దిగుతుంది. మెలికలున్న పాట ఆలస్యంగా ఎక్కుతుంది, ఎక్కువకాలం నిలబడుతుంది. 'ఎల్లో సబ్‌మెరీన్' పసిపిల్లలకి ఒక్కసారికే పట్టుబడిపోతుంది. వందసార్లు విన్న అభిమాని దాన్నే చెత్త జాబితాలో వేస్తాడు. ఈ లెక్కన చూస్తే ఇద్దరిదీ తప్పు కాదు. ఒకే కొండకి చెరోవైపున నిలబడి మాట్లాడుతున్నారు, అంతే.

ఇక వయసు. 1989లో మోరిస్ హోల్‌బ్రుక్, రాబర్ట్ షిండ్లర్ అనే ఇద్దరు రకరకాల ఏళ్లలో పేరు తెచ్చుకున్న పాటలని రకరకాల వయసులవాళ్లకి వినిపించారు. వినేవాళ్లకి సుమారు 24 ఏళ్లప్పుడు ఊరంతా మోగిన పాటలే వాళ్లకి అన్నిటికన్నా నచ్చాయి. బీటిల్స్‌కి ఈ కొలబద్ద పెట్టి చూడండి. 1939లో పుట్టినవాడికి ఆ వయసొచ్చింది 1963లో, అంటే 'షి లవ్స్ యూ' నాడు. 1944లో పుట్టినవాడికి 1968లో, 'హే జూడ్' నాడు. అన్నదమ్ములే అయినా వాళ్లిద్దరూ ఒక పాట మీద ఎలా కలుస్తారు చెప్పండి?

"మరి మాకు అప్పటికి అమ్మానాన్నలే పుట్టలేదు, మాకెందుకు నచ్చాయి?" అంటావా? మంచి ప్రశ్న. 2013లో కార్నెల్ విశ్వవిద్యాలయంలో కారల్ క్రమ్‌హాన్సెల్ ఈ సంగతే చూసింది. ఇరవయ్యేళ్ల పిల్లలకి తమ కాలం పాటలతోబాటు తమ తల్లిదండ్రుల యౌవనకాలం పాటలూ నచ్చాయి, ఇంకా వెనక్కి వెళ్తే 1960ల పాటలూ నచ్చాయి. ఇంట్లో ఏం మోగుతుందో అదే పిల్లల చెవుల్లోకి దిగుతుంది. ఇష్టం కూడా ఒక తరం నుంచి ఇంకో తరానికి వారసత్వంగా వస్తుందన్నమాట.

మూడోది పక్కవాడి నోరు. ఇది అసలైన గమ్మత్తు. 2006లో మాథ్యూ సాల్గానిక్, పీటర్ డాడ్స్, డంకన్ వాట్స్ అనే ముగ్గురు ఒక ప్రయోగం ప్రచురించారు. ఎవరూ ఎరగని బృందాల పాటలు 48 తీసుకున్నారు. 14 వేల మందికి పైగా జనాన్ని ఇంటర్నెట్‌లో పోగుచేశారు. కొందరికి పాటల పేర్లు మాత్రమే చూపించి, వినండి, నచ్చితే దించుకోండి అన్నారు. మిగతావాళ్లని ఎనిమిది గుంపులు చేసి, తమ గుంపులో ఏ పాటని ఎంతమంది దించుకున్నారో కూడా కనబడనిచ్చారు. పాటలు అవే. కానీ ఒక గుంపులో నెత్తిన పెట్టుకున్న పాట ఇంకో గుంపులో ఊసులో లేకుండా పోయింది. మొదట్లో ఒకరిద్దరు ఎటు మొగ్గితే వెనకవాళ్లూ అటే మొగ్గారు. అయితే ఒకటి గుర్తుపెట్టుకోండి: నిజంగా బాగున్న పాట అట్టడుగుకి పడిపోవడం అరుదు, నిజంగా బాగోని పాట పైకి రావడమూ అరుదు. ఈ రెండు కొసల మధ్య ఉన్నవి మాత్రం ఎటైనా పోవచ్చు.

బీటిల్స్ మొదటి సింగిల్‌కీ ఇలాంటిదే జరిగింది. 'లవ్ మి డూ' 1962లో బ్రిటన్‌లో 17వ స్థానం దాటలేదు. అదే పాట 1964 మేలో అమెరికాలో మొదటి స్థానానికి వెళ్లింది. డ్రమ్స్ వాయించిన మనిషి తప్ప పాటలో మారిందేమీ లేదు. మారింది వినేవాళ్ల చుట్టూ ఉన్న గోల. అప్పటికి అమెరికా అంతా బీటిల్స్ జపమే.

ఎంతమంది కొన్నారో లెక్కపెడితే తేలిపోదా అంటే, అదీ తేలలేదు. 1963లో వచ్చిన 'ప్లీజ్ ప్లీజ్ మి' కొన్ని సంగీత పత్రికల చార్టుల్లో మొదటి స్థానం, రికార్డ్ రిటైలర్ అనే పత్రిక చార్టులో రెండో స్థానం. ఎవరి లెక్క వాళ్లది. ఆ నలుగురూ అయినా ఒక్కమాట మీద ఉన్నారా? 'హలో, గుడ్‌బై' ఏ-సైడు కావడం లెనన్‌కి నచ్చలేదు. తన 'ఐ యామ్ ది వాల్రస్' ఏ-సైడు కావాలన్నాడు. కాలేదు. నచ్చని ఆ పాటే బ్రిటన్‌లో ఏడు వారాలు మొదటి స్థానంలో ఉంది.

సరే, ఓట్లు వేసుకుందామంటారా? రండి, మీ ముగ్గురితోనే చేద్దాం. పెద్దాడి వరస: 'హే జూడ్', 'స్ట్రాబెర్రీ', 'షి లవ్స్ యూ'. బుజ్జి వరస: 'స్ట్రాబెర్రీ', 'షి లవ్స్ యూ', 'హే జూడ్'. చిన్నాడి వరస: 'షి లవ్స్ యూ', 'హే జూడ్', 'స్ట్రాబెర్రీ'. 'హే జూడ్'కీ 'స్ట్రాబెర్రీ'కీ పోటీ పెడితే ఇద్దరు 'హే జూడ్' వైపు. 'స్ట్రాబెర్రీ'కీ 'షి లవ్స్ యూ'కీ పెడితే ఇద్దరు 'స్ట్రాబెర్రీ' వైపు. అయితే 'హే జూడ్' నెగ్గినట్టేగా? ఆగండి. 'షి లవ్స్ యూ'కీ 'హే జూడ్'కీ పెడితే ఇద్దరు 'షి లవ్స్ యూ' వైపు! ఎవరు ఎవరి మీద గెలిచారో తిరిగి తిరిగి మొదటికే వచ్చింది. పోనీ మొదటి స్థానానికి 3, రెండోదానికి 2, మూడోదానికి 1 అని మార్కులు వేసి కూడండి. మూడింటికీ ఆరేసి. మీలో ఎవరూ తిక్కగా ఓటెయ్యలేదు, అయినా మొత్తం కలిపేసరికి తిక్క పుట్టింది. ఫ్రాన్సులో కాండోర్సే అనే గణితజ్ఞుడు 1785లోనే ఈ చిక్కు రాసిపెట్టాడు.

ఇదంతా విని పాటల్లో గొప్పా తక్కువా లేవనుకోకండి. ఉన్నాయి. ఆ 48 పాటల ప్రయోగం చెప్పింది అదే. కానీ బీటిల్స్ సింగిల్స్ 22 అంటే, వేల పాటల్లోంచి జల్లెడ పట్టాక పైన మిగిలినవి. వాటిల్లో పాటకీ పాటకీ ఉన్న తేడా చిన్నది. ఎన్నిసార్లు విన్నాం, ఏ వయసులో విన్నాం, పక్కనెవరున్నారు అన్నవి తెచ్చే తేడా పెద్దది. చిన్న తేడాని పెద్ద తేడాలు కప్పేస్తున్నాయి కాబట్టే తగవు తెగదు. 'చెత్త సింగిల్' అన్న మాట అభిమాని నోటే వస్తుందని గమనించారా? అభిమాని కానివాడికి 22 పాటలూ తెలిస్తే కదా, వాటిలో చివరిది ఏరడానికి!

కాబట్టి పోట్లాడుకోండి, వద్దనను. పోట్లాడుకోవడానికైనా మళ్లీ వింటారు. కాకపోతే ఒక పద్ధతి పెట్టుకోండి. మీ కొరియా పాటలైనా సరే, నోరు విప్పకముందే ఎవరి వరస వాళ్లు కాగితం మీద రాసుకోండి. అడుగున వేసిన పాటని వారం పాటు రోజూ ఒకసారి వినండి. వారం తర్వాత ఇంకో కాగితం తీసి మళ్లీ రాయండి. రెండు కాగితాలూ పక్కపక్కన పెడితే ఏ పాట ఎంత ఊరిందో, ఏది మొహం మొత్తిందో మీకే తెలుస్తుంది. రాసేటప్పుడు పక్కవాడి కాగితంలోకి తొంగిచూశారో, ఆ ఓటు చెల్లదు. ముందే చెబుతున్నాను.