బందరు డాబా మీద టీవీ లెక్కలు

బందరులో డాబా మీదున్న డిష్షుకు టీవీ కార్యక్రమం 36,250 కిలోమీటర్ల దూరం నుంచి వచ్చి పడుతుంది. తిన్నగా గీత గీస్తే 63 కిలోమీటర్లే ఉన్న బెజవాడ నుంచి మాత్రం ఈ రోజున ఏ యాంటెనాకూ టీవీ బొమ్మ రాదు. యాంటెనా పెట్టుకోవాలా, ఇంటర్నెట్ బొమ్మను టీవీకి అందించే స్టిక్కు కొనాలా, కంప్యూటరే టీవీకి తగిలించాలా అని అడిగేవాళ్లు ముందు ఈ రెండు అంకెలనూ దగ్గర పెట్టుకోవాలి.

ఈ ప్రశ్న మన ఊళ్లలోకి ఎక్కువగా అమెరికా నుంచి దిగుమతి అవుతోంది. డల్లాస్‌లోనో న్యూజెర్సీలోనో ఉన్న కొడుకు ఫోన్ చేసి, "నాన్నా, కేబుల్ తీయించేయండి. ఒక యాంటెనా, ఒక చిన్న కంప్యూటర్ ఉంటే చాలు, నెలనెలా డబ్బు దండగ" అంటాడు. అక్కడ అతని లెక్క సరైనదే. 2009 జూన్ 12తో అమెరికాలోని పెద్ద స్టేషన్లన్నీ అనలాగ్ వదిలేసి డిజిటల్‌కు మారాయి. ఎన్‌బీసీ, సీబీఎస్, ఏబీసీ, ఫాక్స్ లాంటివి గాలిలోనే ఉచితంగా, హెచ్‌డీలో వస్తాయి. కిటికీకి చిన్న యాంటెనా, కంప్యూటర్‌లో ట్యూనర్ కార్డు పెట్టుకుంటే మ్యాచ్ రికార్డు చేసుకుని రాత్రికి చూడొచ్చు. కానీ ఈ ఏర్పాటు మొత్తం టవర్ల మీద నిలబడింది. మన దగ్గర ఆ టవర్లే లేవు.

ఒకప్పుడు ఉండేవి. గుడివాడలో గానీ అవనిగడ్డలో గానీ 1980ల్లో పెరిగినవాళ్లకు డాబా మీద ఒకరు, వాకిట్లో ఒకరు, టీవీ ముందు ఒకరు నిలబడి "వచ్చిందా?" "రాలేదు, ఇంకాస్త తిప్పు" అని అరుచుకోవడం గుర్తుండే ఉంటుంది. 1987లో ఆదివారం పొద్దున రామాయణం మొదలయ్యాక ఈ కేకలు ఊరంతా వినపడేవి. దానికి కారణం భూమి గుండ్రంగా ఉండటం. టవర్ ఎత్తు మీటర్లలో తీసుకుని, దాని వర్గమూలాన్ని 4.12తో గుణిస్తే సిగ్నల్ ఎన్ని కిలోమీటర్లు పోతుందో వస్తుంది. యాంటెనా ఎత్తుకూ అదే లెక్క. రెండూ కలపాలి.

బెజవాడ వైపు టవర్ కొన 150 మీటర్ల ఎత్తున ఉందనుకుందాం. దాని వాటా 50.5 కిలోమీటర్లు. మీ ఇంటి మీద గొట్టం పది మీటర్లయితే ఇంకో 13. మొత్తం 63.5. ఇప్పుడు తిన్నటి దూరాలు చూడండి. గుడివాడ 38 కిలోమీటర్లు, హాయిగా లోపల ఉంది. అవనిగడ్డ 61, బందరు 63, రెండూ అంచు మీద ఉన్నాయి. నాగాయలంక 68, అంచు దాటి బయట పడింది. నాగాయలంక వాడికి బొమ్మ రావాలంటే గొట్టం 18 మీటర్లుండాలి, అంటే దాదాపు అరవై అడుగులు. అంత పొడుగు గొట్టాన్ని సముద్రపు గాలిలో నిలబెట్టడం ఎంత పనో దివిసీమ వాళ్లకు వేరే చెప్పక్కర్లేదు. కొండలు లేని చదును నేల కాబట్టే ఇక్కడ ఈ లెక్క ఇంత శుభ్రంగా కుదురుతుంది. బొమ్మలో ఈగలు ముసిరినట్టు కనిపించడం, బూస్టర్ కొనడం, ఆ బూస్టర్ ఈగలను కూడా పెద్దవి చేసి చూపించడం అంతా ఈ చివరి రెండు మూడు కిలోమీటర్ల కోసం పడ్డ అవస్థే.

ఆ కథ ముగిసింది. దూరదర్శన్‌ను నడిపే ప్రసార భారతి అనలాగ్ టీవీ టవర్లను, సరిహద్దుల్లాంటి కొన్ని ముఖ్యమైన చోట్ల తప్ప, 2022 మార్చి చివరికల్లా ఆపేసే పని పెట్టుకుంది. డిజిటల్ టవర్లను 2016లో మొదట 16 నగరాల్లో మొదలుపెట్టింది. ఆ జాబితాలో చెన్నై ఉంది, కటక్ ఉంది, ఆంధ్రప్రదేశ్ ఊరు ఒక్కటీ లేదు. కాబట్టి బజారులో ఎవరైనా "డిజిటల్ యాంటెనా, 50 ఛానళ్లు" అని అమ్మజూపితే జేబులోంచి చెయ్యి తీయకండి.

మరి గాలిలో ఉచితంగా వచ్చేది ఏమీ లేదా అంటే, ఉంది. అది పైనుంచి వస్తుంది. దూరదర్శన్ 2004 డిసెంబరులో డీడీ డైరెక్ట్ ప్లస్ పేరుతో 33 ఛానళ్లతో మొదలుపెట్టిందే ఇప్పటి ఫ్రీ డిష్. నెల కిరాయి లేదు, రీఛార్జి లేదు. జీశాట్-15 ఉపగ్రహం భూమధ్యరేఖకు పైన, 93.5 డిగ్రీల తూర్పు రేఖాంశం దగ్గర కదలకుండా కనిపిస్తుంది. బందరు నుంచి చూస్తే అది ఆగ్నేయంలో, కాస్త దక్షిణానికి మొగ్గి, నేల నుంచి 66 డిగ్రీల ఎత్తున ఉంటుంది. ఆగ్నేయ మూల వంటింటిది కాబట్టి డిష్షు తరచూ వంటింటి పైకప్పు మీదే చేరుతుంది. వాస్తు కూడా ఒప్పుకుంటుంది.

ఈ 66 డిగ్రీలు మనకు రెండు మేళ్లు చేస్తున్నాయి. పదిహేను మీటర్ల కొబ్బరి చెట్టు డిష్షుకు ఏడు మీటర్ల ఎడంగా ఉంటే చాలు, అడ్డు రాదు. రెండోది వానకు సంబంధించింది. డిష్షు పట్టే తరంగం పొడవు సుమారు రెండున్నర సెంటీమీటర్లు, పెద్ద చినుకులు దాన్ని బాగా మింగేస్తాయి. వాన మేఘం అయిదు కిలోమీటర్ల ఎత్తు దాకా ఉందనుకుంటే, 66 డిగ్రీల వాలులో సిగ్నల్ వానలో నడిచే దారి అయిదున్నర కిలోమీటర్లు. ఉపగ్రహం 30 డిగ్రీల ఎత్తునే ఉండి ఉంటే పది కిలోమీటర్లయ్యేది. అందుకే జోరువానలో బొమ్మ ఆగినా, వాన కాస్త తగ్గగానే తిరిగొస్తుంది.

ఫ్రీ డిష్‌తో చిక్కు తెలుగుది. డీడీ సప్తగిరి వస్తుంది, వార్తలు వస్తాయి, కానీ ఆ అమరికలో హిందీదే పైచేయి. ఇంట్లో రాత్రి సీరియళ్లు చూసేవాళ్లకు కావలసిన తెలుగు ఛానళ్లలో చాలావరకు డబ్బు కట్టేవే. వాటికోసమే కేబులో, ప్రైవేటు డిష్షో పెట్టుకుంటారు. 2019 ఫిబ్రవరిలో టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ కొత్త పద్ధతి తెచ్చినప్పుడు ఛానళ్లకు ముందే కట్టాల్సిన మూల రుసుము 130 రూపాయలు, 18 శాతం పన్నుతో 153.40. దాని మీద కావలసిన ఛానళ్ల ప్యాకేజీలు. 2024లో ఆ 130 పరిమితినీ ఎత్తేశారు. నెలకు అన్నీ కలిపి 300 అనుకుంటే అయిదేళ్లకు 18,000. ఫ్రీ డిష్ పెట్టుబడి 2,000 అనుకుంటే అదే అయిదేళ్లకు నెలకు 33 రూపాయలు పడుతుంది.

స్టిక్కు లెక్క ఇంకో రకం. నాలుగు వేల రూపాయల స్టిక్కు అయిదేళ్లు పనిచేస్తే నెలకు 67 రూపాయలు. అసలు ఖర్చు దాని వెనక ఉండే ఇంటర్నెట్‌ది. 399 రూపాయల బ్రాడ్‌బ్యాండ్ ప్లాను పన్నుతో 470.82 అవుతుంది, అయిదేళ్లకు 28,249. చూడ్డానికి కేబుల్ కంటే పదివేలు ఎక్కువ. అయితే పిల్లల చదువుకో, ఆఫీసు పనికో ఇంట్లో వైఫై ముందే ఉంటే ఆ 28 వేలు టీవీ పద్దులో రాయడం అన్యాయం. నా మటుకు నేను ఆ పద్దు ఎవరిదో తేల్చుకున్నాకే స్టిక్కు కొనమంటాను. 2017 డిసెంబరులో ఏపీ ఫైబర్‌నెట్ కరెంటు స్తంభాల మీద తీగ లాగి, 149 రూపాయలకే ఇంటర్నెట్టూ టీవీ ఛానళ్లూ కలిపి ఇస్తామన్నప్పుడు పల్లెల్లో ఈ తగవు కొన్నాళ్లు లేకుండా పోయింది. తర్వాత ధర పెరిగింది.

ఫోన్ డేటాతో నెట్టుకొద్దామంటే కుదరదు. హెచ్‌డీ బొమ్మకు గంటకు సుమారు 3 జీబీ కావాలి. రోజుకు 2 జీబీ ప్లాను నలభై నిమిషాల్లో అయిపోతుంది. ఒక టీ20 మ్యాచ్ నాలుగు గంటలు, అంటే 12 జీబీ. పైగా స్ట్రీమింగ్ బొమ్మ డిష్షు కంటే మామూలుగా అర నిమిషం దాకా వెనకబడి ఉంటుంది. మీ తెర మీద బౌలర్ ఇంకా పరుగు మొదలుపెట్టకముందే పక్కింటి డిష్షువాళ్లు "అవుట్" అని అరిస్తే, ఆ ఓవర్ చూడ్డంలో ఇక రుచేముంటుంది?

ఇక కంప్యూటర్. 2002లో మైక్రోసాఫ్ట్ విండోస్‌లో మీడియా సెంటర్ పెట్టింది, 2015లో విండోస్ 10 వచ్చేసరికి తీసేసింది. ఎక్స్‌బాక్స్ మీద పుట్టిన ఒక ఉచిత ప్రోగ్రాం 2014లో కోడి అని పేరు మార్చుకుని ఇప్పటికీ నడుస్తోంది. టీవీ పక్కన కంప్యూటర్ వెనకబడటానికి కారణం బద్ధకం కాదు, తాళాలు. సినిమా సంస్థలు పూర్తి నాణ్యత బొమ్మను హార్డ్‌వేర్ తాళం ఉన్న స్టిక్కులకూ టీవీలకూ ఇస్తాయి. కంప్యూటర్ బ్రౌజర్‌లో అదే సినిమా చాలాసార్లు అంతకంటే తక్కువ నాణ్యత దగ్గరే ఆగిపోతుంది. ముప్పై వేల కంప్యూటర్‌లో మసక బొమ్మ, నాలుగు వేల స్టిక్కులో స్పష్టమైన బొమ్మ.

కరెంటు కూడా చూడాలి. పాత డెస్క్‌టాప్ సుమారు 80 వాట్లు తాగుతుంది, రోజుకు ఆరు గంటలు నడిపితే నెలకు 14.4 యూనిట్లు. యూనిట్ ఆరు రూపాయల స్లాబులో ఉంటే 86 రూపాయలు. సినిమాలు దించుకోవాలని రాత్రింబవళ్లు ఆన్‌లోనే ఉంచితే 57.6 యూనిట్లు, 346 రూపాయలు. కేబుల్ బిల్లు తప్పించుకుని కరెంటు ఆఫీసుకు కట్టినట్టు. నాలుగు వాట్ల స్టిక్కు అదే ఆరు గంటలకు నెలంతా కలిపి ముప్పావు యూనిట్ కూడా తినదు.

అయినా కంప్యూటర్‌ను పూర్తిగా కొట్టిపారేయను. పెళ్లి డీవీడీలు, షష్టిపూర్తి వీడియోలు, మనవళ్ల ఫొటోలు గుట్టలుగా ఉన్న ఇళ్లు గుడివాడ చుట్టుపక్కల తక్కువేమీ కాదు. ఒక డీవీడీ 4.7 జీబీ. నాలుగు టీబీ డిస్కులో అలాంటివి 850 పడతాయి. బీరువాలో బూజు పడుతున్న డిస్కులు చెడిపోకముందే అందులోకి ఎక్కించి, పది పదిహేను వాట్ల చిన్న పీసీ ఒకటి పెట్టుకుంటే బాగుంటుంది. ఇంటర్నెట్ లేని రోజున కూడా చిన్నమ్మాయి పెళ్లి చూడొచ్చు.

ఇంటర్నెట్ లేని రోజులు ఇక్కడ తుఫాన్లతో వస్తాయి. 1977 నవంబరు 19న ఉప్పెన దివిసీమను ఊడ్చేసిన ఏడాదే హైదరాబాదులో దూరదర్శన్ కేంద్రం మొదలైంది. అప్పుడు ఈ పల్లెల్లో టీవీ లేదు. 1990 మే తుఫాను నాటికి ఉంది, ముందుగా లక్షల మందిని ఖాళీ చేయించగలిగారు. 2023 డిసెంబరు 5న మిచాంగ్ బాపట్ల దగ్గర తీరం దాటినప్పుడు గాలి గంటకు 90 నుంచి 100 కిలోమీటర్లు. గంటకు 100 అంటే చదరపు మీటరుకు 47 కిలోల తోపు. 60 సెంటీమీటర్ల డిష్షు మీద 13 కిలోలు. గాలి రెట్టింపయితే తోపు నాలుగు రెట్లవుతుంది, 52 కిలోలు. గోడకు రెండు మేకులతో వేలాడుతున్న డిష్షు తట్టుకోలేని బరువు అది. నాలుగు యాంకర్ బోల్టులు వేయించాలి. బోల్టుల మీద ఉప్పు గాలికి తెల్లటి పొడి పూస్తుంది, తీగ కొసన ఇత్తడి కనెక్టర్‌కు చిలుము పడుతుంది. ఏటా వానలకు ముందు విప్పి, తుడిచి, రబ్బరు టేపు చుడితే సగం ఫిర్యాదులు పోతాయి.

కరెంటు పోతే ఇన్వర్టర్ ఉంది కదా అంటారు. 150 ఏహెచ్ బ్యాటరీలో 1,800 వాట్ గంటలుంటాయి, వాడుకోగలిగేది 1,200 అనుకోండి. 70 వాట్ల టీవీ, 10 వాట్ల ఫ్రీ డిష్ బాక్సు కలిపితే 15 గంటలు వస్తుంది. స్టిక్కు, వైఫై పెట్టె కలిపినా 14 గంటలు. పెద్ద కంప్యూటర్ అయితే ఎనిమిదికి మించదు. కానీ మీ 14 గంటలూ మీ చేతిలో లేవు. ఫైబర్ తీగ కరెంటు స్తంభాల మీదే వస్తుంది, స్తంభం పడితే తీగ పోతుంది. తీగ బతికినా, ఆపరేటర్ గదిలో బ్యాటరీ అయిపోతే మీ పెట్టె మీద ఎర్ర లైటు వెలుగుతుంది. డిష్షుకూ ఉపగ్రహానికీ మధ్య అలాంటి మనిషి లేడు, గది లేదు, స్తంభం లేదు.

అందుకే నేను అడిగినవాళ్లకు చెప్పేది ఇది: వైఫై ఉంటే స్టిక్కు, సీరియళ్ల కోసం కేబుల్ ఇంట్లోవాళ్ల ఇష్టం, ఈ రెండూ ఉన్నా లేకపోయినా డాబా మీద ఫ్రీ డిష్ ఒకటి. బాక్సు కొనేటప్పుడు ఎంపెగ్-4 అని అడిగి తీసుకోండి. ఎంపెగ్-2 బాక్సు వంద రెండొందలు తక్కువకే వచ్చినా కొన్ని ఛానళ్లు దానికి దొరకవు.