గిడ్డంగి ఖాళీ అయినది, నేల కాలేదు

2025 జనవరి 1వ తేదీ రాత్రి, పండ్రెండు కంటెయినర్ లారీలు పోలీసు వాహనముల కాపుతో భోపాలు నగరము వీడి, సుమారు 250 కిలోమీటర్ల దూరమునందలి పీథంపురమునకు సాగినవి. వానిలోని 337 టన్నుల విషవ్యర్థము, 1984 డిసెంబరు 2వ నాటి రాత్రి విషవాయువును వెలువరించి వేలమంది ఉసురుతీసిన యూనియన్ కార్బైడ్ పురుగుమందుల కర్మాగారపు ఆవరణలో, ఏండ్ల తరబడి ఒక గిడ్డంగియందు మ్రగ్గుచు, ఒకప్పుడు జర్మనీకి పోవలసియుండియు అచ్చటి అభ్యంతరములచే పోజాలక, తుదకు ఆ దుర్ఘటనకు నలుబదియేండ్లు నిండిన దినముననే హైకోర్టు ఆజ్ఞాపింపగా కదలెను.

ఆ లారీల కెక్కిన మూటలలో నున్న దేమి? సెవిన్ అను పురుగుమందు తయారీలో మిగిలిన మడ్డి, సగము తయారై ఆగిపోయిన మందులు, రియాక్టరుల అడుగున పేరుకొనిన కల్మషము; వీని నన్నిటిని మించి 162 టన్నులు కేవలము మన్ను. విషము పాత్రలు దాటి నేలలోనికి దిగినదనుటకు ఇంతకంటె సాక్ష్యము వలదు.

ఆ వ్యర్థమును తమ ఊర కాల్చనున్నారని పీథంపురవాసులు వీథుల కెక్కిరి. ఇరువురు తమ దేహములకు నిప్పంటించుకొన యత్నించిరి. వారి భయమును అజ్ఞానమని త్రోసివేయుట నాకు న్యాయముగా తోపదు. భోపాలు ప్రజలకును ఆనాడు ప్రమాదము లేదనియే కదా చెప్పిరి! మూడు విడతల పరీక్షల పిదప, సున్నము కలిపి గంటకు 270 కిలోల చొప్పున కాల్చగా, జూన్ 30 నాటికి దహనము ముగిసెను. 337 టన్నులు కాలి 850 టన్నులకు మించిన బూడిదయై, మరల సంచుల కెక్కి, మరల ఒక షెడ్డు చేరెను. ఈ కార్యమునకై 126 కోట్ల రూపాయల ధనమిచ్చినది కేంద్రప్రభుత్వము. అనగా, నేలను చెరచినవా రొకరు, వెల చెల్లించినవారు పన్నుగట్టు ప్రజలు.

అయినను నా మనస్సును కలచునది ఆ మూటల కథ కాదు. వాయువు వెలువడుటకు ఏడేండ్లు ముందే, 1977లో, కంపెనీవారు కర్మాగారమునకు ఉత్తరమున చెరువులు త్రవ్వించి, అడుగున ప్లాస్టిక్ పొర పరచి, ద్రవవ్యర్థమును ఎండ కిగిరిపోవుటకై అందు విడిచిరి. ఆ చెరువులు కారుచున్నవని 1982లో కంపెనీ అంతరంగిక సందేశములే వాపోయినవి. విషవాయువు ఒక్క రాత్రిలో లోకమునకు తెలిసెను. విషజల మెవరి నిద్రయు చెరుపక, బస్తీల బావులలోనికిని బోరింగులలోనికిని నెమ్మదిగా ప్రాకెను. తరువాత ఆ బోరింగులకు ఎఱ్ఱరంగు పూసి, ఈ నీరు త్రాగరాదని వ్రాయించిరి. పటాన్‌చెరువు చెంత నక్కవాగు రంగుమారుట కన్నులార చూచిన తెలుగువారికి ఈ బాధను వేరుగ వివరింప నక్కరలేదు.

మన హైదరాబాదునందలి జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ, నాగపూరు పర్యావరణ పరిశోధన సంస్థతో గూడి ఆ నేలను పరిశీలింపగా, చెడిన మన్ను 11 లక్షల టన్నులని లెక్క తేలెను. లారీల కెక్కి పోయినది అందులో మూడువేలవ వంతునకైన సరిపోదు. మిగిలిన మన్నును పెకలించి భద్రగర్తములలో నింపవలెను, భూజలమును తోడి శుద్ధి చేయవలెను. ఈ రెండును ఏండ్లు పట్టు పనులు. అంతవరకు, ప్రతి వానాకాలమునను ఆ ఆవరణపై కురిసిన నీరు, ఆ మన్నుగుండనే క్రిందికి దిగుచుండును.