పదునున్న రోజున కదలని ట్రాక్టరు

వర్షాధారపు ఎర్ర నేలల్లో విత్తే అదను అంటే మనం సిఫారసు పట్టికల్లో ముద్రించే పక్షం రోజుల గడువు అని విద్యార్థులు భావిస్తుంటారు. పొలంలో ఆ గడువు అంతకన్నా చాలా చిన్నది. మంచి వాన కురిసిన తరువాత గింజ పడే లోతులో పదును నిలిచే రెండు మూడు రోజులే నిజమైన అదను. ఇసుక పాలు ఎక్కువగా ఉన్న తేలిక నేలల్లో జూలై గాలికి పైపొర చూస్తుండగానే ఆరిపోతుంది. వేరుశనగ గింజను ఐదు సెంటీమీటర్ల లోతున వేసినా, అక్కడ తేమ చాలకపోతే మొలక పలుచబడుతుంది. ఆ తరువాత ఎంత ఎరువు వేసినా మొక్కల సాంద్రత తిరిగి రాదు. అటువంటి ఉదయాన ట్రాక్టరు స్టార్టు కాకపోతే కలిగే నష్టం మెకానిక్ బిల్లులో కనిపించదు. అయినప్పటికీ విత్తే తేదీ సస్యశాస్త్రానిదనీ, ట్రాక్టరు ఇంజనీరింగ్ విభాగానిదనీ మనం పంచుకున్నాము. రైతుకు మాత్రం ఆ రెండూ ఒకే ఉదయాన, ఒకే గట్టు మీద ఎదురవుతాయి.

ఈ విషయం నాకు పుస్తకాల వల్ల తెలియలేదు. చాలా ఏళ్ల క్రితం నేను పనిచేసిన ఒక పరిశోధన క్షేత్రంలో వేరుశనగ విత్తే తేదీలపై ప్రయోగం నడుస్తున్నది. జూలై మొదటి పక్షంలో మొదటి తేదీ, రెండవ పక్షంలో రెండవ తేదీ, ఆగస్టులో మూడవది. జూలై మొదటి వారంలో ఒక రాత్రి చక్కని వాన పడింది. మరునాడు సూర్యోదయానికే విత్తనాన్ని శుద్ధి చేసి, గొర్రు తగిలించి, కూలీలను పిలిపించుకొని సిద్ధమయ్యాము. డ్రైవరు తాళం తిప్పగానే ‘టక్’ మని ఒక్క శబ్దం వినిపించింది. ఇంజను తిరగలేదు. హెడ్‌లైట్లు వేసి చూస్తే ధగధగా వెలిగాయి. లైట్లు వెలుగుతున్నాయి కనుక బ్యాటరీ బాగానే ఉన్నదని ఒకరు, సెల్ఫ్ మోటారు కాలిపోయిందని ఇంకొకరు, డీజిల్ రావడం లేదని మరొకరు తీర్మానించారు. నేను ముగ్గురి మాటా విన్నాను. పొరపాటంతా అక్కడే జరిగింది.

జీపు బ్యాటరీ తెచ్చి పెట్టాము. అదే శబ్దం. సెల్ఫ్ మోటారు విప్పి పట్టణానికి పంపాము. అది వెళ్లిన వేళలో ఖాళీగా ఉండలేక ఒకరు డీజిల్ ఫిల్టరు విప్పి శుభ్రం చేశారు. మరునాడు సాయంత్రం సెల్ఫ్ మోటారులో ఏ లోపమూ లేదన్న కబురుతో తిరిగి వచ్చింది. దానిని బిగించడానికి వచ్చిన మెకానిక్, బ్యాటరీ నుండి ఛాసిస్‌కు వెళ్లే ఎర్త్ పట్టీని విప్పి, దాని కింద పేరుకున్న తుప్పును ఉప్పుకాగితంతో గీకి మళ్లీ బిగించాడు. ఈసారి ఇంజను జోరుగా తిరిగింది, కానీ అందుకోలేదు. ఎంత తిప్పినా పొగగొట్టం నుండి చిన్న పొగ కూడా రాలేదు. ఫిల్టరు విప్పినప్పుడు డీజిల్ దారిలోకి మేమే గాలిని ఎక్కించామని గ్రహించేసరికి చీకటి పడింది, బ్యాటరీ కూడా దిగిపోయింది. మూడవ రోజు మధ్యాహ్నానికి ట్రాక్టరు కదిలింది. అప్పటికి ఐదు సెంటీమీటర్ల లోతున మట్టిని పిడికిట బిగించి వదిలితే ముద్ద కాకుండా రాలిపోతున్నది. మళ్లీ వాన పడేసరికి జూలై రెండవ పక్షం వచ్చింది. మొదటి తేదీ, రెండవ తేదీ ఒకటైపోయి, ఆ సంవత్సరపు ప్రయోగం రెండు తేదీల ప్రయోగంగా మిగిలింది.

అసలు లోపం ఒక్క తుప్పు పట్టిన అతుకు. రెండవ లోపాన్ని సృష్టించింది మేమే. వేరుశనగ ఆకులు పసుపు రంగుకు తిరిగాయని రైతు వచ్చి చెబితే మనం వెంటనే యూరియా, అన్నభేది, జింకు సల్ఫేటు మూడూ కలిపి చల్లమని చెప్పము కదా. పసుపు ముదురు ఆకుల్లో మొదలైందా, లేత ఆకుల్లోనా అని ముందు అడుగుతాము. ముదురు ఆకులైతే నత్రజని వైపు, లేత ఆకుల్లో ఈనెలు పచ్చగా ఉండి మధ్యభాగం పాలిపోతే ఇనుపధాతువు వైపు చూస్తాము. పొలంలో ఇంత క్రమం పాటించే నేను ట్రాక్టరు ముందు నిలబడగానే ఆ క్రమాన్నంతా మరచిపోయాను.

లైట్లు వెలిగినంత మాత్రాన విద్యుత్ మార్గం బాగున్నట్టు ఎందుకు కాదో విద్యార్థులు లెక్క వేసి తెలుసుకోవాలి. తుప్పు పట్టిన అతుకు వద్ద ఒక ఓములో నూరవ వంతు నిరోధం ఏర్పడిందనుకుందాము. రెండు హెడ్‌లైట్లు కలిసి తీసుకునే కరెంటు సుమారు పది ఆంపియర్లు. ఆ అతుకు వద్ద పోయే వోల్టేజి ఒక వోల్టులో పదవ వంతు మాత్రమే. కాబట్టి లైటు మసకబారదు. ఇంజనును తిప్పే సెల్ఫ్ మోటారు 300 ఆంపియర్లు కోరిందంటే అదే అతుకు వద్ద మూడు వోల్టులు పోతాయి. పన్నెండింటిలో మూడు అక్కడే కరిగిపోతే మోటారుకు మిగిలేది చాలదు. దీనిని పట్టుకోవడానికి ఏమీ విప్పనక్కరలేదు. ఇంజను అందుకోకుండా స్టాప్ నాబ్ లాగి ఉంచి, మల్టీమీటరు ఒక కొనను బ్యాటరీ నెగెటివ్ దిమ్మె మీద, రెండవ కొనను ఇంజను లోహభాగం మీద ఆనించి, ఒకరి చేత సెల్ఫ్ తిప్పించాలి. అర వోల్టుకు మించి చూపిస్తే ఎర్త్ మార్గంలోనే లోపమున్నది. మా క్షేత్రంలో నేల తేమ కొలిచే పరికరాలు ఎన్నో ఉండేవి. మల్టీమీటరు కూడా ఒకటి ఉన్నది, ప్రయోగశాల అలమరలో.

తాళం తిప్పినప్పుడు ఏమి జరిగిందన్నదే మొదటి ప్రశ్న. అసలు ఏ శబ్దమూ లేకపోతే బ్యాటరీ దిమ్మెలు, ఫ్యూజు, తాళపు స్విచ్చి, గేరు న్యూట్రల్‌లో ఉంటేనో క్లచ్ తొక్కితేనో తప్ప సెల్ఫ్ తిరగనివ్వని భద్రతా స్విచ్చి వైపు చూడాలి. షెడ్డులో వేసవి అంతా నిలిపిన ట్రాక్టరులో ఎలుకలు వైర్లు కొరకడం కూడా అరుదేమీ కాదు. టకటకమని వరుసగా శబ్దం వస్తే సాధారణంగా బ్యాటరీ దిగిపోయినట్టు. నిండుగా చార్జి అయి, కాసేపు విశ్రాంతిగా ఉన్న పన్నెండు వోల్టుల బ్యాటరీ 12.6 వోల్టుల దరిదాపుల్లో చూపిస్తుంది. 12.2 అంటే సగానికి దిగినట్టే. అయితే నిలిచి ఉన్నప్పటి వోల్టేజిని మాత్రమే చూసి మోసపోరాదు. సెల్ఫ్ తిప్పుతుండగా అది 9.5కు దిగువకు పడిపోతే, పైకి ఎంత చూపినా ఆ బ్యాటరీ ఇంజను బరువు మోయలేదు. ఒక్కటే గట్టి ‘టక్’ వినిపించి ఆగిపోతే అతుకులు, ఎర్త్ పట్టీ, సెల్ఫ్ మోటారు మీది సోలినాయిడ్, ఆ వరుసలో పరీక్షించాలి. సెల్ఫ్ మోటారును విప్పడం చివరి పని. మేము దానిని రెండవ పనిగా చేశాము.

ఇంజను బాగా తిరుగుతూ అందుకోకపోతే విద్యుత్తును వదిలి డీజిల్ వైపు మళ్లాలి. కారు పెట్రోలు ఇంజనులో వలె ఇక్కడ స్పార్క్ ప్లగ్ ఉండదు. గట్టిగా అదిమిన గాలి వేడికే డీజిల్ మండుతుంది. కనుక పొగగొట్టమే మనకు లక్షణాలు చూపే ఆకు. తిప్పుతున్నప్పుడు పొగ ఏమాత్రం రాకపోతే సిలిండరుకు డీజిల్ చేరడం లేదు. తెల్లని పొగ వస్తుంటే డీజిల్ చేరుతున్నది గానీ మండడం లేదు. సెల్ఫ్ నెమ్మదిగా తిరగడం, డీజిల్‌లో నీరు, తగ్గిన కంప్రెషన్ వంటివి అప్పుడు అనుమానించాలి. పొగ లేనప్పుడు మొదట చూడవలసినది స్టాప్ నాబ్. ఇంజను ఆపడానికి బయటకు లాగిన నాబ్‌ను లోపలికి నెట్టకపోవడం, లేదా నాబ్ లోపలికి వెళ్లినా దాని కేబుల్ పట్టేయడం వల్ల పంపు వద్ద డీజిల్ మూసుకొనే ఉంటుంది. ఇందుకోసం మెకానిక్‌ను రప్పించిన సందర్భాలు నాకు తెలుసు. ఆ తరువాత టాంకులో డీజిల్, దాని కుళాయి, ఫిల్టరు అడుగున చేరిన నీరు.

ఇవన్నీ సరిగా ఉంటే మిగిలినది, రైతులు ‘గాలి పట్టింది’ అనే లోపం. ఇంజెక్షన్ పంపు ద్రవాన్ని నెట్టి ఒత్తిడి పెంచుతుంది. దారిలో గాలి బుడగ ఉంటే ఒత్తిడి అంతా ఆ బుడగను అదమడానికే ఖర్చవుతుంది, నాజిల్ తెరుచుకోదు. ఫిల్టరు మీది గాలి మరను కొంచెం వదులు చేసి, చేతి పంపును నెమ్మదిగా కొడుతూ, నురగ పోయి బుడగలు లేని డీజిల్ ధార వచ్చాక మరను బిగించాలి. ఆ వెంటనే ఇంజెక్షన్ పంపు మీది మర వద్ద అదే పని చేయాలి. ఫిల్టరు నుండి పంపు వైపుకు, అంటే డీజిల్ నడిచే దిశలోనే సాగాలి. వెనుకకు చేస్తే గాలి మళ్లీ ముందుకే వస్తుంది. ఇందుకు ఒక పానా, ఒక గుడ్డ, పావుగంట సమయం చాలు. కామన్ రైలు ఇంజన్లున్న ట్రాక్టర్లకు మాత్రం ఈ పద్ధతి యథాతథంగా వర్తించదు. 2023 జనవరి నుండి 50 హార్స్‌పవరుకు మించిన ట్రాక్టర్లకు కొత్త ఉద్గార ప్రమాణాలు అమలులోకి వచ్చిన తరువాత ఇవి పెరిగాయి. వాటిలోని అధిక పీడన గొట్టాల నట్లను పొలంలో వదులు చేయరాదు. ఆ పీడనంలో చిమ్మే డీజిల్ చర్మంలోకి దూసుకుపోతుంది.

అదను తప్పుతున్నదన్న ఆదుర్దాలో జరిగే ఒక పని గురించి విస్తరణ శాస్త్రవేత్తలు ప్రతి శిక్షణలోనూ ప్రత్యేకంగా చెప్పాలి. తాళం పనిచేయనప్పుడు నేల మీద నిలబడి, స్క్రూడ్రైవరుతో సెల్ఫ్ మోటారు దిమ్మెలను కలపడం చాలా చోట్ల చూస్తాము. అలా చేస్తే భద్రతా స్విచ్చి పక్కకు తప్పుకుంటుంది. ట్రాక్టరు గేరులో ఉంటే ఇంజను అందుకున్న క్షణంలోనే బండి కదులుతుంది. మనిషి నిలబడి ఉన్నది సరిగ్గా వెనుక చక్రానికి ముందు. ఆనాడు మా వద్ద కూడా ఒక కుర్రవాడు స్క్రూడ్రైవరు పట్టుకొని వంగాడు. డ్రైవరు అతని చేయి పట్టి లాగివేసి, గేరు కర్ర చూపించాడు. అది రెండవ గేరులో ఉన్నది. ఆ తరువాత కాసేపు ఎవరమూ మాట్లాడలేదు. పోయిన ప్రయోగం కన్నా నాకు ఎక్కువగా గుర్తుండేది ఆ గేరు కర్ర.

సొంత ట్రాక్టరు లేని రైతుకు ఈ ఆలస్యం రెట్టింపుగా తగులుతుంది. బాడుగ ట్రాక్టరు ఒక పూట ఆగితే, బాగైన వెంటనే యజమాని ముందు తన చేను విత్తుకుంటాడు. వరుసలో చివరనున్న రెండెకరాల రైతు వంతు వచ్చేసరికి పదును పోతుంది. ఆ రైతు దిగుబడి తగ్గడానికి కారణాన్ని మనం సర్వే పత్రంలో ‘ఆలస్యంగా విత్తుట’ అని రాసుకుంటాము. ఎందుకు ఆలస్యమైందన్న గడి ఆ పత్రంలో ఉండదు.

కనుక మృగశిరకు ముందు, మే నెలాఖరులో, విత్తన శుద్ధి గురించి చెప్పే గ్రామసభలోనే అరగంట ట్రాక్టరు వద్ద గడపవచ్చు. బ్యాటరీ దిమ్మెలను విప్పి తినేసోడా నీటితో కడిగి, ఆరాక బిగించి, పెట్రోలియం జెల్లీ పూయడం. విప్పేటప్పుడు నెగెటివ్ ముందు, బిగించేటప్పుడు నెగెటివ్ చివర. ఎర్త్ పట్టీ రెండు కొసలూ గీకడం. ఫిల్టరు అడుగు నీరు వదలడం. సాయంత్రం పని ముగిశాక టాంకు నింపి ఉంచితే లోపలి ఖాళీలో రాత్రి చలికి తేమ చేరి నీరు దిగడం తగ్గుతుంది. నెలల తరబడి నిలిపే ట్రాక్టరు బ్యాటరీని చార్జి చేయకుండా వదిలితే పలకల మీద సీసపు సల్ఫేటు గట్టిపడి, తరువాత చార్జి పట్టదు. ఇవి పెద్ద విద్యలేమీ కావు. లోతుగా నేర్వదలచిన యువకులకు అనంతపురం జిల్లా గార్లదిన్నెలో కేంద్ర ప్రభుత్వ వ్యవసాయ యంత్ర శిక్షణ, పరీక్షా సంస్థ ఉన్నది. మన విద్యార్థులు వ్యవసాయ యంత్రాల కోర్సులో నాలుగు స్ట్రోకుల బొమ్మ అందంగా గీస్తారు. ప్రాక్టికల్ పరీక్షలో స్టాప్ నాబ్ లాగి ఉంచిన ట్రాక్టరును, లేదా ఎర్త్ పట్టీ కింద కాగితం ముక్క దాచిన ట్రాక్టరును ఇచ్చి, ఏదీ విప్పకముందు ఏమేమి చూశారో వరుసగా రాయమని అడిగితే బాగుంటుంది.

ఆ క్షేత్రం నుండి బదిలీ అయ్యే ముందు మల్టీమీటరును అలమర నుండి తీయించి ట్రాక్టరు షెడ్డు గోడకు మేకు కొట్టి తగిలించాను. ఎర్త్ పట్టీ గీకిన తేదీని వర్షమాపక పుస్తకంలోనే, మే నెల పేజీలో, రాయడం అప్పుడే మొదలైంది.