చీమల పెండ్లి పిలుపు

తొలకరి జల్లు పడిన సాయంత్రము ఉప్పల్, నాచారము వీధులలో దీపముల చుట్టును రెక్కల పురుగులు మూగుట శ్రోతలెరిగినదే. వానిలో పెక్కు చెదజాతికి చెందిన ఉసిళ్లు. కాని పరికించి చూచినచో వాని నడుమ రెక్కల చీమలును కనబడును. ఉసిలికి నాలుగు రెక్కలును సమానములు; చీమకు ముందు జత పెద్దది, నడుము సన్నము.

గండుచీమ యను పేరు విని దానిని మగది యనుకొందుము. పేరు మోసగించినది. నేలపై తిరుగు పనిచీమలన్నియు ఆడవే. మగచీమ రెక్కలతో పుట్టి, జోడుకట్టి, కొలది దినములలోనే చచ్చును. గ్రుడ్డు ఫలదీకరణము చెందకయే అది పుట్టును గనుక దానికి తాత గలడు గాని తండ్రి లేడు!

ఇంత అల్పాయువు గల మగవియు, రెక్కల ఆడవియు ఒకే వేళకు పుట్ట విడుచుట యెట్లు? వానయు వేడిమియు ఋతువును తెలుపును. గడియను తెలుపునది వాసన. గండుచీమల వర్గమునకే చెందిన ఒక ఐరోపా చీమను హోల్‌డాబ్లర్, మాష్విట్జ్ అను శాస్త్రజ్ఞులు పరిశీలించి 1965లో ఈ సంగతి వెల్లడించిరి. మగచీమలు ఎగురుచు దవడ గ్రంథులనుండి ఒక రసమును వెదజల్లును. ఆ వాసన సోకగనే ఆడచీమలు లేచును. అటుపిమ్మట రాణి తన రెక్కలను తానే రాల్చుకొని, ఆనాడు పొందిన బీజమును కడుపులోని చిన్న సంచిలో దాచుకొని, ఏండ్ల తరబడి గ్రుడ్లు పెట్టును.

ఇట్టి వాసనలకు ఫెరొమోనులని 1959లో పేరు పెట్టిరి. ఆ యేడే జర్మనీలో బుటెనాంట్ సుమారు 5 లక్షల ఆడ పట్టుపురుగులనుండి అవి మగవానిని పిలుచు పదార్థమును వేరుచేసెను.

ఈ విద్య మన ఊరికి దూరమైనది కాదు. తార్నాకనుండి ఉప్పల్ పోవు దారిలోని భారతీయ రసాయన సాంకేతిక సంస్థలో రసాయనజ్ఞులు పురుగుల ఫెరొమోనులను కృత్రిమముగా తయారుచేసిరి. పత్తి రైతు చేలో కట్టు లింగాకర్షక బుట్ట ఈ విద్యకు ఫలమే. గులాబిరంగు కాయతొలుచు పురుగు ఆడదాని వాసన ఇంచుమించు సమపాళ్లుగా కలిసిన రెండు పదార్థములని 1973లో తేలినది. దానిని అనుకరించిన ఎర బుట్టలో నుండును. మగ రెక్కల పురుగు వచ్చి చిక్కును.

పురుగు కాయలో దూరిన పిమ్మట మందు చల్లినను దానికి తగులదు. పెట్టిన డబ్బు పోవును. కావున రైతు బుట్టలోని పురుగులను దినదినము లెక్కించవలెను. వరుసగా 3 దినములు బుట్టకు 8 చొప్పున పడినచో మందు చల్లు వేళ వచ్చినట్లు. అంతకు తక్కువైనచో బుట్ట లెక్కనుబట్టి అప్పటికి మందుడబ్బా మూత తీయనక్కరలేదు.