పరిశోధన పోస్టరు

అనకాపల్లి వ్యవసాయ పరిశోధన స్థానము 1913లో ఏర్పడినది. ఆ ప్రాంతపు ముఖ్యమైన పంట చెరకు. దానికి ప్రబల శత్రువు ఎర్రకుళ్లు అను శిలీంధ్రపు తెగులు. ఈ తెగులుపై జరిపిన పరిశోధనను సదస్సులో పోస్టరుగా చూపవలసి యున్నదనుకొనుడు. వ్యాసమంతయు అట్టపై అంటించినచో చదువువారుండరు. నిలువుగా చీల్చిన చెరకుగడ బొమ్మను నడుమ పెద్దదిగా వేయవలెను: ఎర్రబారిన లోభాగము, అందు అడ్డముగా తెల్లని మచ్చలు. పైన పరిశోధించిన ప్రశ్న, క్రింద ఫలితము ఉండవలెను. అక్షరములు ఆరడుగుల దూరమునకు కనబడవలెను. అంకెల పట్టికకన్న రేఖాచిత్రము మేలు. ప్రక్కన నిలిచిన పరిశోధకుడు రెండు నిమిషములలో విషయము చెప్పి, ప్రశ్నలకు చోటీయవలెను. తెగులు సోకిన ముచ్చెలను నాటరాదన్న ఒక్క మాట చూచినవారి మనస్సున నిలిచినచో పోస్టరు సార్థకమైనట్లే.